ఇస్త్రీ చొక్కా సార్

దోహా ఆసుపత్రి గదిలో పేషెంట్లు కలిసి మాట్లాడుకోవడానికి కుర్చీలు గుండ్రంగా వేశారు. నర్సింగ్ తలుపు పక్క కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

డాక్టరు చెప్పిన జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. ఫోర్‌మన్‌కు చెప్పింది మాత్రం పంటి నొప్పి.

సిస్టర్ మోనికా ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"ఈ వారం గొంతులు వినపడ్డాయా అంటోంది తమ్ముడూ," అన్నాడు పక్కనున్న పెద్దమనిషి.

ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు. నర్సింగ్ కుర్చీ కాస్త పక్కకు జరుపుకున్నాడు. కూలీల క్యాంపుకు ఇలాంటి వేషంతో వచ్చి తీయగా తెలుగు మాట్లాడేది కంపెనీ మనిషే. మతి చెడిందని తెలిస్తే మర్నాడే విమానం ఎక్కిస్తారు.

"లేదు సార్. మంచిగనే ఉన్న."

అలా అంటున్నప్పుడు కూడా చెవిలో ఎవరో తిడుతూనే ఉన్నారు.

పెద్దమనిషి పేరు ధర్మరాజు, రాజోలు వైపు మనిషి. వారం వారం నర్సింగ్ పక్కనే కూర్చునేవాడు.

"గొంతు వస్తే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బదులు చెప్పెయ్. ఇంటికి ఫోననుకుంటారు. అది చెప్పేది నిజమో కాదో తేలకపోతే పక్కవాణ్ణి అడుగు. మనిషి మాట ముందు అది నిలవదు."

రెండూ పనిచేశాయి. అయినా నర్సింగ్ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ధర్మరాజు సిస్టర్‌తో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడితే, నా మీద చాడీలే అనుకునేవాడు.

ఒకరోజు ధర్మరాజు మెల్లగా అడిగాడు.

"తమ్ముడూ, నిజం చెప్పు. నేనెవరినని అనుకుంటున్నావు?"

చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి గుప్పిట్లో బిగించాడు. నర్సింగ్‌కు అది కోపంలా కనిపించింది.

"తెల్వదా సార్? మా ముచ్చట్లు కంపెనీకి మోసేటోళ్ళు. మీరుంటే నేను నోరు తెర్వ."

"అలాగా," అని ధర్మరాజు లేచి వెళ్ళిపోయాడు.

మరుసటి వారం ఆ కుర్చీ ఖాళీ. నర్సింగ్ మొదటిసారి నోరు విప్పి అంతా చెప్పేశాడు. గుంపులోని ఇంకో పేషెంటు, ఆర్మూరు ముజఫ్ఫర్ అలీ దాన్ని సిస్టర్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. నర్సింగ్‌కు ప్రాణం తేలికపడింది.

"కంపెనీ సార్ పీడ పోయింది భాయ్."

"ఏం కంపెనీ? ధర్మరాజు భాయ్ మనకంటే ముందుకెల్లి ఈడ పేషెంటే. పైన వార్డుల ఏసిండ్రు. ఎవల్నీ గుర్తు పడ్తలేడు."

"ఎందుకు? ఏమైంది?"

ముజఫ్ఫర్ తల దించుకున్నాడు.

"'కంపెనీకి ముచ్చట్లు మోసేటోనివి' అని ఆయన చెవుల గొంతు ఆయన్నే ఏండ్ల సంది తిడ్తుండెనట. అది నిజమా కాదా అని మొన్న పక్కోణ్ణి అడిగిండట."