కింది వాటా దెబ్బలు

కీబోర్డు వాయించే ఆయన పోయాడని తెలిసి అభిమానులు పై వాటాలోని ఆయన ఇంట్లో చేరారు. ఆయన బ్యాండు పాత పాట ఒకటి పెట్టుకున్నారు. చివర్లో, కచేరీల్లో చేసినట్టే, అందరూ కలిసి మూడుసార్లు నేలను తన్నారు. పాటలో కీబోర్డు ఠక్కున ఆగింది.

"హాలు దద్దరిల్లేది," అన్నాడు వాళ్ళలో ఒక బస్సు డ్రైవరు. "ఆ మూడు దెబ్బలు ఆయనకు ఎలా తోచాయో గాని."

"అవి నావి," అంది గుమ్మంలో నిలబడ్డ కింది వాటా ముసలావిడ. "చీపురుకర్రతో మా ఇంటి కప్పుకేసి కొట్టేదాన్ని, ఇక చాలించవయ్యా అని. కొట్టగానే ఆపేసేవాడు, పాపం."

డ్రైవరు లేచి తన కుర్చీ ఆవిడకిచ్చాడు.

"కచేరీకి ఎప్పుడైనా వచ్చారా, పిన్నిగారూ?"

"ఎందుకూ? రోజూ నా నెత్తి మీదే కదా కచేరీ."

పాట మళ్ళీ పెట్టారు. ఈసారి దెబ్బలు ఆవిడే వెయ్యాలని అందరూ కాళ్ళు బిగబట్టుకుని కూర్చున్నారు. ఆ చోటు దగ్గరపడింది. ఆవిడ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

"కొట్టండి, పిన్నిగారూ," అన్నాడు డ్రైవరు మెల్లగా.

"ఊరుకోవయ్యా," అంది ఆవిడ. "కొడితే ఆపేస్తాడు."