ముక్కెత్తిన ట్రక్కు

మా ఇంట్లో నేనేం చేసినా సోకు కోసమే అనుకుంటారు. నా ట్రక్కు ముందుభాగం రెండంగుళాలు లేపించి, పెద్ద టైర్లు వేయించుకొచ్చిన రోజు కూడా అంతే.

"ఎవడు చూడాలనే ఈ సింగారం?" అన్నాడు నాన్న.

అమెరికాలోని మా మోంటానాలో పశువుల ట్రైలర్ లాగే ట్రక్కుకు ముక్కు కాస్త కిందికే ఉంటుంది. వెనక బరువు పడ్డాక బండి సమానమవుతుంది. ముందే సమానం చేయిస్తే, బరువు పడగానే లైట్లు ఆకాశంలోకి లేస్తాయి. ఇది ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. మా ఇంట్లో ట్రైలర్ లాగగలిగేది నా ట్రక్కొక్కటే.

నాన్న ముందు టైరును బూటుతో తన్నాడు. "శనివారం దూడల్ని వేలానికి తీసుకెళ్లాలి. ఈ లైట్లతో గుడ్లగూబలకు దారి చూపిస్తావా? కాలేజీలో ఇదేనా నేర్పింది?"

"ట్రైలర్ తగిలించను నాన్నా. అలాస్కాలో గనుల సర్వే ఉద్యోగం వచ్చింది. అక్కడన్నీ రాళ్ల దారులే."

నాన్న వంగి, తను తన్నిన టైరునే చేత్తో నొక్కి చూశాడు.

"గాలి ఎక్కువుందే. రాళ్లమీద కొంచెం తగ్గించుకో."

శుక్రవారం పొద్దున్నే వెళ్లిపోతున్నాను. దూడల సంగతి ఇంట్లోవాళ్లు చూసుకుంటారు.