కోతకొచ్చిన చేను

“ఏది పెడితే ఆట ఆగకుండా ఆడుద్ది నాయనా?”

హరినాథ్ తలెత్తి చూశాడు. ఎదురుగా డెబ్బై దాటిన మనిషి. భుజం మీద ఉండాల్సిన తువ్వాలు కంప్యూటర్ డబ్బాకి చుట్టి, రెండు చేతులా పొదివి పట్టుకుని నిలబడ్డాడు.

ముత్తుకూరు సెంటర్లో హరినాథ్ కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి చాలా కాలమైంది. ఒకప్పుడు వెనక గదిలో గేముల సెంటర్ కూడా నడిపేవాడు. పిల్లలు ఫోన్లకు మరిగాక అది మూతపడింది. ఇప్పుడు వచ్చేవాళ్లంతా ఆధార్ ప్రింటు కోసం వచ్చేవాళ్లే. ఆటలకి ఏ సిస్టం మంచిదని అడిగే నాథుడు లేడు. అడిగితే చెప్పడానికి మాత్రం కడుపు నిండా ఉంది.

“మనవడి కోసమా పెద్దాయనా?”

“మనవడే పెట్టించినాడు. వాడు పనికి పోయినాడు. ఇదేమో మొన్నట్నించి లేవట్లా.”

ఆ పెద్దాయన పేరు మాలకొండయ్య. డబ్బాను బల్ల మీద పెట్టాడు గానీ దాని మీంచి చెయ్యి తీయలేదు. “కాస్త తొందరగా చూడు సామీ. చేను కోతకొచ్చి ఉండాది. ఇంకా ఆగితే గింజ రాలిపోద్ది.”

హరినాథ్ బయటికి చూశాడు. కృష్ణపట్నం వైపు మబ్బు నల్లగా కమ్ముకుంటోంది. ఇప్పుడు వాన పడిందంటే పండిన వరి నేలపాలే. మాలకొండయ్య మాత్రం మబ్బు వైపు చూడనే లేదు.

“మిషను దొరికిందా? కోత మిషన్ల కోసం జనం కొట్టుకు చస్తున్నారు గదా.”

“దొరికేదేంది? సొంతందే.”

హరినాథ్ ఆయన కాళ్ల వైపు చూశాడు. తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టి ఉంది. సొంత కోత మిషనున్న ఆసామికి ఈ చెప్పులేమిటో! పాతకాలం రైతులింతే, ఉన్నా బయటపడరు అనుకుని, గౌరవంగా కుర్చీ లాగి వేశాడు.

డబ్బా విప్పితే ఫ్యాను నిండా బూడిద. థర్మల్ ప్లాంటు పక్క ఊళ్ల నుంచి ఏ డబ్బా వచ్చినా ఇదే వరస. హరినాథ్ బ్రష్షుతో దులిపాడు. మాలకొండయ్య ఆ బూడిద కాస్త వేలికి తీసుకుని నలిపి చూశాడు.

“ఇందులోకి కూడా వచ్చేసిందా” అన్నాడు. ఆ గొంతులో ప్రాణం లేదు.

“అది రాని చోటేది? దిగులెందుకు, తుడిస్తే పోద్ది.”

తర్వాత హరినాథ్ తన పాఠం అందుకున్నాడు. విండోస్ అయితే ఆటలన్నీ దానికోసమే తయారవుతాయి, కాదనలేం. కానీ కొత్త విండోస్ ఈ ముసలి డబ్బా మీదికి ఎక్కనంటుంది. పాతదానికేమో కంపెనీవాళ్లే నీళ్లొదిలేశారు. పైగా సగం మెమరీ అదే మింగి కూర్చుంటుంది, ఆట మంచి పట్టులో ఉండగా అప్‌డేట్ అంటుంది. ఆపిల్ వాళ్లది చూడ్డానికి సొగసే గానీ, దాని మీదికి వచ్చే ఆటలు తక్కువ. ఇక లైనక్స్. తేలిక. విండోస్ ఆటకి మధ్యలో ఒక దుబాసీని పెట్టి మరీ ఆడిస్తుంది. పదిమందితో పోటీపడే ఆటలు కొన్ని మాత్రం దాని మీద ఆడనివ్వరు. దొంగాట ఆడతారని ఆ ఆటల కంపెనీల భయం.

మాలకొండయ్య ఒక్క మాట పొల్లుపోకుండా విన్నాడు. హరినాథ్ మాటలు ఇంత శ్రద్ధగా అతని పెళ్లాం కూడా ఏనాడూ వినలేదు.

“పోటీ గీటీ ఏం లేదు నాయనా, ఒక్కరు ఆడుకునేదే. మధ్యలో బిగుసుకుపోతా ఉండింది. అది లేకుండా చూడు, చాలు.”

“అయితే లైనక్సే. డిస్కంతా తుడిచేసి శుభ్రంగా పెడతా. లోపల దాచుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా? ఫోటోలు, పెళ్లి వీడియోలు?”

షాపుకి ఎవరొచ్చినా హరినాథ్ అడిగేది ఈ రెండే.

“అట్టాంటివేం లేవు.” మాలకొండయ్య కాస్త తటపటాయించాడు. “ఆట పోదు గదా?”

“ఆట యాడికి పోద్ది? మళ్లీ ఎక్కిస్తా గదా.”

మాలకొండయ్య జేబులోంచి పెన్ డ్రైవ్ తీసిచ్చాడు. మనవడు ఆటను అందులోంచే ఎక్కించాడట.

డిస్కు తుడవడం అయింది. లైనక్స్ ఎక్కింది. ఆట ఎక్కడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఈలోగా వాన మొదలై, చూస్తుండగానే పెద్దదైంది. హరినాథ్ మనసు పీకడం మొదలుపెట్టింది. తన సరదా కొద్దీ పాఠాలు చెప్పి, ఈ పెద్దాయన పంట తడిపేశాడు.

“చేను తడిసిపోతుందేమో పెద్దాయనా...”

“ఏం కాదులే. నువ్వు కానీ.”

ఎట్టకేలకు ఆట తెరుచుకుంది. అదొక వ్యవసాయం ఆట. ఎక్కడా తడబాటు లేదు. తెర నిండా పచ్చటి బీడు, పైన కదిలిపోతున్న తెల్లమబ్బులు. హరినాథ్ మురిసిపోయాడు.

“చూశారా, వెన్నలాగా పోతోంది! విండోస్‌లో ఎప్పుడైనా ఇట్టా ఆడిందా?”

మాలకొండయ్య కళ్లద్దాలు పెట్టుకుని, అలవాటైన చేత్తో మౌస్ అందుకున్నాడు. అటు చివరి దాకా పోయి చూశాడు. ఇటు చివరి దాకా వచ్చి చూశాడు. ఎంత పోయినా గడ్డే. మౌస్ వదిలేసి హరినాథ్ వైపు తిరిగాడు.

“ప్లాంటోళ్ల బూడిద చెరువు కింద పోయిన నా చేను, గట్లతో, బోరుతో, కానుగ చెట్టుతో సహా మా మనవడు ఇందులోనే కట్టిచ్చినాడే... కోతకొచ్చిన పైరుతో సహా దాన్ని యాడ పెట్టినావు నాయనా?”