బోర్డు మీద ఇస్సాకు

"ఆపవయ్యా! నా పేరొద్దు. 'టైలరు' అని రాసి నిచ్చెన దిగు," అంటూ మామయ్య కత్తెరతోనే కొట్లోంచి బయటికొచ్చాడు.

ఆయన్ని మురిపిద్దామని పెయింటరుని పిలిపించిన కొత్తకోడలు బిక్కమొహం వేసింది. "ఇస్సాకుకేం మామయ్యా, బంగారంలాంటి పేరు!"

"నవ్వులపాలని అర్థం తల్లీ. అమ్మ నన్ను యాభయ్యో ఏట కన్నదని వీధంతా నవ్విందట. అందుకే అమ్మ ఆ పేరు పెట్టింది."

"అయ్యో, 'నవ్వుతాడు' అని మామయ్యా! బైబిల్లో తొలి ఇస్సాకుని తొంభయ్యో ఏట కన్న శారా ఏమందో తెలుసా? 'దేవుడు నన్ను నవ్వించాడు, విన్నవాళ్లంతా నాతోపాటు నవ్వుతారు' అంది."

మామయ్య చేతిలో కత్తెర కిందికి దిగింది.

"అమ్మ నన్ను చూసినప్పుడల్లా నవ్వేది," అన్నాడు మెల్లగా.

మరుక్షణం నిచ్చెన మీదికి తలెత్తాడు. "ఏమయ్యా, చీమల్లా ఆ అక్షరాలేంటి? నా పేరు రోడ్డవతలికి కనపడాలి!"