డ్రైవర్ చిప్పు

"మోటారును నేరుగా బోర్డుకు కలపొద్దు, మధ్యలో డ్రైవర్ చిప్పు పెట్టాలని ఎన్నిసార్లు చెప్పాలమ్మా? చూడు, బోర్డు కాల్చేశావు!"

జోగారావు మాస్టారి కేక దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ రోబోటిక్స్ కోచింగ్ సెంటరంతా వినబడింది. పిల్లలందరూ జ్యోతిక వంక తిరిగారు.

పొద్దున్నే ఎవరూ రాకముందు ఆ బోర్డును కాల్చింది తానేనని ఆయనకు తెలుసు. చిప్పు ఎంత వెతికినా దొరక్క, ఒక్క నిమిషమే కదా అని మోటారు వైర్లు తిన్నగా బోర్డులో గుచ్చాడు.

"సారీ సార్. గలతీ నాదే," అంది జ్యోతిక తల వంచుకుని.

ఆయన హమ్మయ్య అనుకున్నాడు.

క్లాసు అయ్యాక ఆ అమ్మాయి ఒక్కతే ఆగిపోయింది. బ్యాగులోంచి చిన్న చిప్పు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కనెక్షన్ల బొమ్మ గీసుకుందామని నిన్న ఇంటికి తీస్కపోయిన సార్. పొద్దున మీరు డబ్బాలన్ని దేవులాడుతుంటే కిటికీలకెల్లి చూసిన. గిది ఈడ్నే ఉంటే బోర్డు కాలకపోతుండె. అందుకే గలతీ నాదన్న."

జోగారావు చెవులు వేడెక్కాయి. పిల్లలింకా గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నారు. వాళ్లను వెనక్కి పిలిచి నిజం చెబుదామనే నోరు తెరిచాడు.

"ఇకమీదట అడిగి తీసుకెళ్లు," అన్న మాటే బయటికొచ్చింది.

"సారీ సార్," అంది జ్యోతిక మళ్లీ.