పెట్టె వినే మాట

కదిరిలో ప్రతి ఇంటి గోడకూ సర్కారు పెట్టె వచ్చి ఆరేళ్లయింది. మతమేమిటని మనిషిని మనిషి అడగడం నేరమయ్యాక, ఇంట్లో మాటలు విని ఎవరిది ఏ మతమో ఆ పెట్టే రాస్తోంది. చనిపోయినవాళ్లను ఏ శ్మశానానికి పంపాలన్నదీ ఆ రాతను బట్టే.

దూదేకుల పీరమ్మకు ముస్లిమని వచ్చింది. మొగుడు ఫక్కీరప్పకు హిందువని వచ్చింది. నమాజు తప్పని మనిషే, కానీ కూర్చున్నా లేచినా "నరసింహా" అంటాడు. తాతల నాటి నుంచి వాళ్లు మసీదుకూ పోతారు, నరసింహస్వామి తేరుకూ పోతారు. అది పెట్టెకు తెలియదు.

నలభై రోజులు మాట మార్చుకుంటే రాత మారుతుందన్నారు. యాభై ఏళ్లు ఒకే బొంత కప్పుకున్నవాళ్లు ఆఖరికి ఊరికి చెరో దిక్కునా అని పీరమ్మకు దిగులు పట్టుకుంది.

"ఆ పేరు ఎత్తొద్దయ్యా, నీకు దండం పెడతా."

"నా నోరు నా మాట యాడ ఇంటాది మే? మూసుకుంటాలే."

నిజంగానే మూసుకున్నాడు. ఎక్కడ నోరు జారుతుందోనని మాట్లాడడమే మానేశాడు. ముప్పై ఎనిమిదో రోజు మధ్యాహ్నం, మోకాలి నొప్పిని పళ్ల బిగువున ఆపుకుని అతను చప్పుడు లేకుండా మంచం మీద కూర్చోవడం చూసి, మనిషి అప్పుడే పోయినట్టు ఆమె గుండె గుభేలుమంది.

"పిలువయ్యా ఆ సామిని!"

అతను పెట్టె వైపు చూపి, ఇంకా రెండే రోజులని రెండు వేళ్లు ఎత్తాడు.

"ఇననీ! సచ్చినాక పక్కన పండుకునేదానికి, బతికుండంగానే నన్ను ఒంటిదాన్ని జేస్తావా?"

"నరసింహా," అన్నాడు ఫక్కీరప్ప, కాలు చాపుతూ.

మాట రాసుకున్నట్టు పెట్టెలో ఎర్రదీపం వెలిగింది. పీరమ్మ అటు చూడకుండా వచ్చి అతని పక్కన కూర్చుంది.

"ముప్పై ఎనిమిది దినాల్నుంచీ కూరలో ఉప్పే ల్యాదు మే," అన్నాడతను.