రేపు పొద్దున్నే

నెలలు నిండిన ఉడుతమ్మ, వేపచెట్టుకు తొర్ర తొలవమని వడ్రంగిపిట్టను పిలిచింది. అది నాలుగు పోట్లు పొడిచి, "మిగతాది రేపు పొద్దున్నే తల్లీ!" అని ఎగిరిపోయింది. పది రోజులైనా పత్తా లేదు. ఇంకో పిట్టను బతిమాలితే, "ఒకరు ముక్కు పెట్టిన చెట్టు మేం ముట్టుకోం" అంది. చూస్తే తోటలో ప్రతి చెట్టుకీ సగం తొలిచిన తొర్రే!

"పని పట్టుకోవడానికున్న ముక్కు పూర్తి చెయ్యడానికి లేదూ!" ఉడుతమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో వాన ముంచుకొచ్చింది, నొప్పులూ మొదలయ్యాయి. ఉడుతమ్మ తిన్నగా వెళ్ళి వడ్రంగిపిట్ట సొంత తొర్రలో దూరింది. లోపల ఎంత లోతు, ఎంత నునుపు!

సాయంత్రం వడ్రంగిపిట్ట తడిసి ముద్దయి వచ్చి లబోదిబోమంది. "నా ఇల్లెప్పుడు ఖాళీ చేస్తావు తల్లీ?"

ఉడుతమ్మ పిల్లల్ని పొదువుకుని తల బయట పెట్టింది.

"రేపు పొద్దున్నే!"